మూడో జ్ఞాని కాలాంబరుడు

నవంబరు 23, ఆదివారం

‘ఏడో చంద్రుడు’ రెండో భాగం విడుదలకి ఇంకా ముప్పై రెండు రోజులు.

ఈ డైరీ మా స్కూలు ల్యాబులో, పగిలిన బీకర్ల పెట్టె అడుగున ఉంటుంది. ఆ పెట్టె జోలికి ఎవరూ రారు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు.

నలభై ఏడేళ్ల ఫిజిక్సు మేష్టారికి, పైగా చర్చి కార్యదర్శికి, ఈ సినిమా పిచ్చేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉంది. అది సినిమా కాదు, గురుత్వాకర్షణ మీద పాఠం. మొదటి భాగం పదకొండు సార్లు చూశాను. అందులో తొమ్మిది సార్లు హేమ కూడా వచ్చింది. ఇష్టం లేని మనిషి తొమ్మిది సార్లు వస్తుందా?

హేమ ఇప్పుడు ముక్తేశ్వరంలో వాళ్ళ చెల్లెలు శాంతి ఇంట్లో ఉంటోంది. తను పాఠాలు చెప్పే స్కూలుకి అక్కణ్ణుంచి దగ్గర. పదహారేళ్ళు మా ఇంటి నుంచే బస్సెక్కి వెళ్ళింది గాని, ఆగస్టు నుంచి అది దూరమైంది. అడిగినవాళ్ళందరికీ బస్సులు మునుపట్లా లేవని చెబుతున్నాను.

అసలు కారణం చీరల షెల్ఫు. అందులో నా అంతరిక్ష నౌకలు నాలుగు, కప్పులు పన్నెండు, వెనక్కి తిరిగే గోడ గడియారం ఒకటి పెట్టాను. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఒకే మాట అంది. “ఇంకొక్క బొమ్మ ఈ గుమ్మం తొక్కిందంటే, నేను తొక్కనండి.”

ట్రైలరు రోజు సంగతి ఇక్కడ రాయను. దానికీ దీనికీ సంబంధం లేదు.

నవంబరు 26

కాలాంబరుడి బొమ్మ బుక్ చేశాను.

రెండున్నర అడుగుల ఎత్తు. మొదటి భాగంలో మూడు గ్రహాల్ని బూడిద చేసిన మహానుభావుడు. నేలకి జీరాడే అంగీ, చేతిలో వెలిగే దండం, నుదుట మూడో కన్ను, చేతికి ఆరేసి వేళ్ళు. దేశం మొత్తానికి ఐదు వందల బొమ్మలే చేశారట. రెండో భాగంలో ఇతను మారతాడని ఫ్యాన్స్ గ్రూపులో అంటున్నారు. నేను నమ్మను.

ఇంటి చిరునామా ఇవ్వలేదు. పక్కింటి మాణిక్యం పిన్నిగారు మా గేటు దగ్గర సైకిలు ఆగినా హేమకి ఫోను చేస్తుంది. పైగా హేమ అన్నది మా ఇంటి గుమ్మం గురించి మాత్రమే. అందుకని ‘కార్యదర్శి, చర్చి’ అని రాశాను. పేరు కూడా పెట్టలేదు. తెలివంటే ఇలా ఉండాలి.

నవంబరు 30, ఆదివారం

ఆరాధన అయ్యాక ముక్తేశ్వరం వెళ్ళాను. ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళాను, హేమకిష్టమని. శాంతి గుమ్మంలోనే అందుకుంది.

“అక్క స్కూలుకెళ్ళిందండి బావగారూ.”

“అలాగా. ఎప్పుడొస్తుంది?”

“లేటవుతుందండి. ఇన్‌స్పెక్షనంటండి.”

చాలా కష్టపడుతోంది పాపం, ఆదివారం కూడా. లోపల గదిలో ఫ్యాను తిరుగుతోంది.

డిసెంబరు 2

పార్సిలు హైదరాబాదులో బయల్దేరింది. హేమ ఫోను చెయ్యలేదు.

డిసెంబరు 5, శుక్రవారం

ఇవాళ జరిగినది ఎవరికీ చెప్పుకోలేను.

పగలంతా పరీక్షల డ్యూటీ. ఫోను హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంది. సాయంత్రం చూస్తే కొరియరు వాళ్ళవి ఏడు మిస్డ్ కాల్సు. సైకిలెక్కి చర్చికి పరిగెత్తాను. మా భీమరాజు, చర్చిలో గంట కొట్టి తాళాలు చూసే మనిషి, మెట్ల మీద ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“సెక్రటరీ గారూ, జ్ఞాని వచ్చేసేరండీ!”

“ఎవరొచ్చేరు?”

“మూడో జ్ఞానండీ. పార్సిల్లో వచ్చేరు. చర్చి పేరు మీదే ఉందండి, అంచేత విప్పేసేను. ఆయ్.”

పోయిన క్రిస్మస్‌కి కట్టిన పశువుల పాక విప్పేటప్పుడు, బాల యేసుని చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానుల బొమ్మల్లో మూడోది ఒంటె మీద పడి తల విరిగింది. ఏడాదిగా మా కమిటీకి అదే పని. చివరికి స్త్రీల సమాజం అధ్యక్షురాలు బేబీ గారు లేచి, మస్కట్‌లో ఉన్న అల్లుడి చేత కొత్త జ్ఞానిని తెప్పిస్తానన్నారు. చప్పట్లు కొట్టాం. మినిట్సు రాసింది నేనే.

లోపలికెళ్ళి చూశాను. కొబ్బరాకుల పాక కింద, గడ్డి మీద, బాల యేసుకి అడుగు దూరంలో కాలాంబరుడు నిలబడి ఉన్నాడు. మిగతా ఇద్దరు జ్ఞానులకీ సరిగ్గా సమానమైన ఎత్తు. దండం వెలుగుతోంది. తలకి జరీ తలపాగా.

“నుదుట ఏదో గాయం లాగా ఉందండి,” అన్నాడు భీమరాజు. “దారిలో తగిలిందేమోనండి. అందుకే తలపాగా చుట్టేను.”

“భీమరాజూ, వేళ్ళు చూశావా? ఆరున్నాయి.”

“తూర్పు దేశపోళ్ళు కదండీ,” అన్నాడు.

అది నాది అని అంటే మాణిక్యం పిన్నిగారికి పావుగంటలో తెలుస్తుంది, హేమకి ఇరవై నిమిషాల్లో. చర్చికి అందినట్టు రసీదు మీద సంతకం పెట్టాను, కార్యదర్శిగా.

డిసెంబరు 7, ఆదివారం

పాస్టరు ప్రభాకరరావు అయ్యగారు ప్రసంగం మొదట్లోనే బేబీ గారికి కృతజ్ఞతలు చెప్పారు. బేబీ గారు లేచి, పాక వైపు ఒకసారి చూసి, “మహిమంతా దేవుడికేనండి,” అని కూర్చున్నారు.

ఆవిడ అబద్ధమాడలేదు. నిజమూ చెప్పలేదు. ఇంత నేర్పు నాకు లేకపోయిందే అని అసూయపడ్డాను.

డిసెంబరు 9

కమిటీలో ఒక అంశం ప్రవేశపెట్టాను. జ్ఞానులు ముగ్గురని బైబిల్లో ఎక్కడా లేదు, కానుకలు మూడు, అంతే. కాబట్టి ఇద్దరితో సరిపెట్టుకుని, మూడో ఆయన్ని భద్రంగా కార్యదర్శి ఇంట్లో ఉంచితే శ్రేష్ఠం అన్నాను.

ఇంటికి తేవడం ఎలాగా అని ముందే ఆలోచించుకున్నాను. పెరటి తలుపుకి గుమ్మం ఉన్నా దాన్నెవరూ గుమ్మమనరు.

తీర్మానం ఓడిపోయింది. అనుకూలం ఒకటి, వ్యతిరేకం పదకొండు. మినిట్సులో నా చేతులతో నేనే రాసుకున్నాను.

డిసెంబరు 12

హేమ ఫోను! క్రిస్మస్ ఆరాధనలో పాట పాడమని పాస్టరు అయ్యగారు అడిగారట, వస్తానందట.

“పాటకి వస్తానండి. ఇంటికొచ్చేది లేనిదీ అప్పుడు చూస్తాను.”

“అలాగే. తప్పకుండా.”

“ఇంట్లోకి కొత్తవేవన్నా వచ్చేయా?”

“దేవుడి సాక్షిగా ఒక్కటీ గుమ్మం తొక్కలేదు,” అన్నాను. ఎంత నిజం!

“ఇంకేమీ చెప్పరా?” అంది తను. నేను చలి ఎక్కువగా ఉందని చెప్పాను. పెట్టేసింది.

సినిమాకి ఇంకా పదమూడు రోజులు. హేమ రావడానికీ పదమూడు రోజులే. లెక్క కుదిరింది.

డిసెంబరు 14, ఆదివారం

కాలాంబరుడు మాట్లాడతాడని నేను మర్చిపోయాను. పెట్టె మీద రాసి ఉంటుంది. ముందర ఎవరైనా గబగబా నడిస్తే చాలు.

ఆదివార బడి పిల్లలు గొర్రెల వేషాలు వేసుకుని పాక ముందుకి పరిగెత్తారు. పాకలోంచి బొంగురు గొంతు లేచింది.

“మానవులారా! మీ గ్రహానికి ఇదే ఆఖరి రాత్రి!”

గొర్రెలన్నీ ఏడుస్తూ వెనక్కి పడ్డాయి. బేబీ గారు కుర్చీలోంచి లేచిపోయారు. పాస్టరు అయ్యగారు మాత్రం తడబడకుండా మైకు అందుకుని, “విన్నారా సహోదరులారా! సమయం దగ్గరపడింది!” అని క్రీస్తు రెండో రాకడ మీద నలభై నిమిషాలు మాట్లాడారు. ఈ ఏడాదిలో ఇంత మంచి ప్రసంగం వినలేదని అందరూ అన్నారు. నాక్కూడా అలాగే అనిపించింది.

డిసెంబరు 16

బ్యాటరీలు తీసేద్దామని మధ్యాహ్నం భోజనాల వేళ చర్చికి వెళ్ళాను. మూత వీపు వెనక ఉంది. పాక ముందు మోకాళ్ళేసి, రెండు చేతులూ కాలాంబరుడి అంగీలోకి పెట్టాను. మరమేకు బిగుసుకుపోయి ఉంది. కంట్లో గడ్డి నలక పడి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే భీమరాజు వచ్చాడు.

చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి, కార్యదర్శి గారు భార్య కోసం పాక దగ్గర పడి ఏడుస్తున్నారని ఊరంతా తెలిసిపోయింది. మాణిక్యం పిన్నిగారు చేపల పులుసు పంపింది.

ఏడవలేదు. నలక.

డిసెంబరు 19

రాజోలు నుంచి, తాటిపాక నుంచి ఆటోల్లో జనం వస్తున్నారు. మాట్లాడే జ్ఞాని ముందు పిల్లల్ని పరిగెత్తించి ఆ మాట వినిపించుకుని వెళ్తున్నారు. యూత్ కుర్రాళ్ళు ఇతన్ని గుర్తుపట్టేశారు, వాళ్ళ చూపుల్లో తెలుస్తోంది. కానీ బేబీ గారు తెప్పించినది సినిమా బొమ్మ అని అనే ధైర్యం మా ఊళ్ళో ఎవరికుంది?

హేమ గుర్తుపడుతుంది. తొమ్మిది సార్లు చూసింది.

డిసెంబరు 21, ఆదివారం

టికెట్ దొరికింది. ఇరవై ఐదున పొద్దున్న ఏడింటికి, అమలాపురంలో మొదటి ఆట. ఆరాధన తొమ్మిదిన్నరకి.

సినిమా నిడివి రెండు గంటల యాభై రెండు నిమిషాలు. ప్రయాణం గంట. ఎనిమిదింబావుకి లేచి బయటపడితే, దారిలో లారీలు అడ్డురాకపోతే, హేమ పాటకి అందుకుంటాను. సగం సినిమా చూసినట్టవుతుంది. పాట పూర్తిగా విన్నట్టవుతుంది. సగటున ముప్పాతిక దక్కుతుంది. ఇది స్వార్థం ఎలా అవుతుంది?

డిసెంబరు 24

టికెట్ మా పీఈటీ మేష్టారు నాగసతీష్‌కి ఇచ్చేశాను. మడమ నొప్పిగా ఉంది. మడమ నొప్పితో మొదటి ఆట చూడలేం.

చీరల షెల్ఫులోంచి నౌకలు నాలుగూ తీశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను.

డిసెంబరు 25, క్రిస్మస్

హేమ వచ్చింది. నీలం చీర. కొంచెం చిక్కింది.

చర్చిలోకి అడుగుపెట్టగానే అందరూ తనని పాక దగ్గరికి లాక్కెళ్ళారు. “చూడమ్మా, మస్కట్ జ్ఞాని, బేబీ గారిచ్చేరు.” హేమ వంగి చూసింది. దండం చూసింది. వేళ్ళు లెక్కపెట్టడం నాకు కనబడింది, పెదాలు కదిలాయి. తర్వాత మెల్లిగా తల తిప్పి, మగాళ్ళ వైపు మూడో వరసలో ఉన్న నన్ను చూసింది.

కోపంగా చూస్తే బాగుండేది. అలసిపోయినట్టు చూసింది.

పాట పాడింది. నాకేమీ వినబడలేదు. పాట తర్వాత సాక్ష్యాల సమయం. మా చర్చిలో ఎవరైనా లేచి దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకోవచ్చు. వీసా వచ్చినవాళ్ళు ఒకరు, కాలు నయమైనవాళ్ళు ఒకరు చెప్పారు. నా కాళ్ళు నన్నడక్కుండానే లేచాయి.

“ఆ మూడో జ్ఞాని బేబీ గారిది కాదండి. నాది. నేనే తెప్పించేను. అసలు జ్ఞానే కాదు, సినిమాలో విలను. మూడు గ్రహాల్ని నాశనం చేసేడు. ఇంక కొనొద్దని మా ఆవిడ చెప్పినా, తనకి తెలీకుండా చర్చి అడ్రసుకి తెప్పించుకున్నాను. దొంగతనంగా. అంతేనండి.”

ఇంక కార్యదర్శి పదవి పోయినట్టే అనుకున్నాను. ఇంతలో వెనక వరసలో ఎవరో ముసలాయన “స్తోత్రం!” అన్నాడు.

పాస్టరు అయ్యగారి కళ్ళు చెమర్చాయి. “చూసేరా! మూడు గ్రహాల్ని నాశనం చేసినవాడు కూడా బాలుడి ముందు నిలబడ్డాడు. ఇంక మనమెంత! కార్యదర్శి గారు తనకెంతో ఇష్టమైనదాన్ని చర్చికిచ్చి, ఇన్నాళ్ళూ పేరు చెప్పుకోలేదు. ఎంత వినయం!”

చప్పట్లు. ఆ సందడికి పిల్లలు పాక ముందు పరిగెత్తితే కాలాంబరుడు, “మీ గ్రహానికి ఇదే ఆఖరి రాత్రి!” అన్నాడు. అందరూ “ఆమెన్” అన్నారు.

“నాదని నేనెప్పుడన్నానండీ?” అన్నారు బేబీ గారు పక్కావిడతో. నిజమే, అనలేదు.

బయట సైకిళ్ళ దగ్గర హేమ నిలబడి ఉంది. దగ్గరికెళ్ళాను.

“తప్పు ఒప్పుకున్నాను హేమా. అందరి ముందూ.”

“విన్నానండి. బాగా చెప్పేరు.”

“మరి ఇంటికి...”

“బొమ్మల కోసం వెళ్ళిపోయేననుకుంటున్నారా మీరు? ఇన్నాళ్ళూ నిజంగా అదే అనుకుంటున్నారా?” నా వైపు తిరిగింది. “ఆగస్టు పద్నాలుగు గురించి ఎప్పుడు చెబుతారండీ సాక్ష్యం?”

మడమ నొప్పి అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

శాంతి స్కూటీ తెచ్చింది. వెళ్ళిపోయారు. సాయంత్రం నాగసతీష్ వచ్చి, సినిమా బాగుందండి, ఏసీ మంచి చల్లగా ఉంది, పడుకున్నానండి అన్నాడు.

డిసెంబరు 26

ఆగస్టు 14.

హేమ రొమ్ములో గడ్డ తగిలింది. అమలాపురంలో పది గంటలకి స్కాను. అదే రోజు పదిన్నరకి రాజమండ్రిలో ‘ఏడో చంద్రుడు’ రెండో భాగం ట్రైలరు విడుదల. మొదట వచ్చిన వంద మందికి సంతకం చేసిన పోస్టరు ఇస్తామన్నారు. “స్కాను ఐదు నిమిషాల పనే కదా, నువ్వెళ్ళిరా, భయపడేదేముంది?” అన్నాను.

తను భయపడింది. చెప్పులు వేసుకుంటుంటే పట్టీ పెట్టుకోవడం రాలేదు. నేను చూశాను. నాకూ భయమేసింది. ఆ గది బయట కూర్చుని ఎవరో వచ్చి ఏదో చెబుతారని ఎదురుచూడ్డం నావల్ల కాదనిపించింది. అందుకే రాజమండ్రి వెళ్ళాను. పోస్టరు కోసమనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. పోస్టరు దొరికింది కూడా. అరవై ఎనిమిదో నంబరు.

సాయంత్రం ఫోను చేసి గడ్డ ప్రమాదం లేనిదని చెప్పింది. నేను “చూశావా, చెప్పానా!” అన్నాను. ఈల కూడా వేశాను.

డిసెంబరు 27

నిన్న రాసిన పేజీ ఫోటో తీసి హేమకి పంపాను. ఇంకేమీ రాయలేదు.

డిసెంబరు 28

చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు.

డిసెంబరు 30

జవాబు వచ్చింది. ‘రెండో తారీకు మళ్ళీ స్కాను. పదింటికి. శాంతి వస్తానంది.’

‘నేను వస్తాను’ అని పెట్టాను.

గంట తర్వాత, ‘మీ ఇష్టమండి.’

జనవరి 2, శుక్రవారం

ముందు ఇది రాయాలి. రిపోర్టు మంచిదే వచ్చింది. గడ్డ పెరగలేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూపించమన్నారు.

పొద్దున్న ఎనిమిదింటికే ఆసుపత్రి గేటు దగ్గరున్నాను. తొమ్మిదిన్నరకి హేమ ఒక్కతే దిగింది. శాంతిని రావద్దందట. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు గాని, బస్సు దిగగానే ముందు గేటు వైపే చూసింది.

బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఫ్యాన్స్ గ్రూపు నుంచి ఫోన్లు. ఇవాళ సక్సెస్ మీట్ అట, కాలాంబరుడి దండం ఇస్తారట. నాలుగోసారి మోగితే హేమే ఫోను తీసి, “ఆయన ఖాళీగా లేరండి,” అని పెట్టేసింది. రెండో భాగంలో కాలాంబరుడు మారేడా అని అడిగింది. నేనింకా చూడలేదన్నాను. నమ్మలేదు. “ఒట్టు,” అంటే నవ్వింది. ఆగస్టు తర్వాత ఇదే మొదటిసారి. నా కళ్ళు తుడుచుకున్నాను. ఈసారి నలక లేదు.

ఆదివారం సామాను తెచ్చుకుంటానంది. షెల్ఫు ఖాళీ చెయ్యమంది. గడియారం మాత్రం ఉండనివ్వండి, నాకలవాటైపోయింది అంది.

ఇంకొకటుంది. ముందే రాద్దామంటే చెయ్యి రాలేదు.

హేమని లోపలికి పిలిచాక నర్సు నాకు ఒక ఫైలు ఇచ్చింది. “తోడొచ్చినవాళ్ళు పేరు రాసి సంతకం పెట్టాలండి.” అది పాత కాగితమే. పై గడిలో ఆగస్టు 14 అని తారీకు. తోడు వచ్చినవారి పేరు అన్న చోట, హేమ గుండ్రటి అక్షరాలతో ‘హేమ’ అని ఉంది. సంబంధం అన్న చోట ఒక గీత.

కింది గడిలో నా పేరు రాశాను. నర్సు వేలు పెట్టి చూపించింది. “సంబంధం కూడా రాయాలండి.”

భర్త అని రాశాను. అక్షరాలు కలిసిపోయాయి. ఇంకో కాగితం ఇమ్మన్నాను, సరిగ్గా రాస్తానని.

నర్సు ఒకసారి కాగితం వైపు చూసి, “పర్లేదండీ, తెలుస్తోందిలెండి,” అంది.